వైన్ జెల్లీ: పొయ్యి ఎక్కకూడనిది ఏమిటి?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ అధ్యక్షులు చదివేశారు, నేను మళ్లీ చదవను. నేరుగా వంటింట్లోకి పోదాం.

వైన్ జెల్లీకి కావలసినవి నాలుగే: వైన్, పంచదార, నీళ్లు, దాన్ని గడ్డకట్టించే జెలటిన్. అయినా చాలామందికి కుదరదు. వైన్‌ను మరిగిస్తారు, అదీ తంటా. దయచేసి మరిగించకండి. ఈ మాట ఇంకో రెండుసార్లు అంటాను, ఓపిక పట్టండి.

కొలతలు రాసుకోండి. వైన్ 400 మిల్లీలీటర్లు, నీళ్లు 150, పంచదార 80 గ్రాములు, జెలటిన్ పొడి 10 గ్రాములు. గిన్నెలోనే స్పూన్‌తో తినేటట్టయితే ఇంతే చాలు. పళ్లెంలోకి బోర్లించాలంటే జెలటిన్ 12 గ్రాములు వేయండి. తియ్యటి వైన్ అయితే పంచదార 50 గ్రాములు సరిపోతుంది.

నీళ్లలో 60 మిల్లీలీటర్లు చల్లగా వెడల్పు గిన్నెలో పోసి, పైన జెలటిన్ చల్లండి. పొడి మీద నీళ్లు పోస్తే ఉండ కడుతుంది. పైన తడిసి లోపల పొడిగానే ఉండిపోతుంది. పది నిమిషాలు నాననివ్వండి. మిగతా నీళ్లలో పంచదార కరిగేదాకా వేడిచేసి, పొయ్యి ఆపి, నానిన జెలటిన్ వేసి మెల్లగా కలపండి. గిలక్కొడితే నురగ వస్తుంది, ఆ బుడగలు జెల్లీలో అలాగే గడ్డకడతాయి. గరిటెకు పలుకులేవీ అంటకుండా కరిగాక, వేలు పెట్టగలిగే వేడికి దిగాక, వైన్ పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వైన్ పోస్తే జెలటిన్ తీగలు తీగలుగా అయిపోతుంది; ముందే బయట పెట్టుకోండి.

గమనించారా, వైన్ అసలు పొయ్యి ఎక్కలేదు! మద్యసారం 78 డిగ్రీలకే మరుగుతుంది. వాసనలు అంతకుముందే లేచిపోతాయి. వంటిల్లు ఘుమఘుమలాడిందంటే జెల్లీలో ఉండాల్సింది గాల్లో కలిసిందన్నమాట. జెలటిన్‌ను కూడా చాలాసేపు మరిగిస్తే పట్టు తగ్గుతుంది. మద్యం పోవాలనే మరిగిస్తున్నామంటారా? కాసేపు మరిగినంత మాత్రాన పూర్తిగా పోదు. వద్దనుకుంటే ద్రాక్షరసంతో చేసుకోండి. పిల్లలకు, గర్భిణులకు, బండి నడపాల్సినవాళ్లకు ఈ జెల్లీ పెట్టకండి.

ఇక అలంకరణ గురించి చెబుదామనుకున్నాను. అది పక్కన పెడతాను, ఎర్ర వైన్ సంగతి అంతకంటే ముఖ్యం. వైన్ తయారీదారులు వగరు తగ్గించడానికి వాడే పదార్థాల్లో జెలటిన్ ఒకటి. అది వగరునిచ్చే టానిన్లనే పదార్థాలను పట్టుకుని అడుగుకు దిగుతుంది. మీ గిన్నెలోనూ అదే జరుగుతుంది: నాలుక పట్టేసేంత వగరున్న ఎర్ర వైన్ పోస్తే జెల్లీ మసకబారుతుంది, ఒక్కోసారి మడ్డి కనిపిస్తుంది. వగరు తక్కువున్న ఎరుపో, తెలుపో, లేత గులాబీ రంగు రోజేనో ఎంచుకోండి.

పండ్లలో పచ్చి అనాస, బొప్పాయి, కివీ, అంజీర వద్దు. వాటిలోని ఎంజైములు జెలటిన్‌ను తినేస్తాయి, తెల్లవారినా నీళ్లే మిగులుతాయి. ఉడికించినవో డబ్బాలో వచ్చేవో అయితే ఇబ్బంది లేదు. ద్రాక్ష, స్ట్రాబెర్రీ పచ్చివే వేయొచ్చు, కానీ జెల్లీ గుడ్డు తెల్లసొనలా చిక్కబడ్డాకే. ముందే వేస్తే పైకి తేలడమో అడుగుకు చేరడమో జరుగుతుంది.

జెలటిన్ జంతువుల తోలు, ఎముకల నుంచి వస్తుంది. శాకాహారులు దాని బదులు సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ పొడి 5 గ్రాములు వాడొచ్చు. దానికి మరిగించక తప్పదు, అయితే మరగాల్సింది నీళ్లలో, వైన్‌లో కాదు! అది 40 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది, కాబట్టి వైన్‌ను గోరువెచ్చగా చేసి వెంటనే కలపాలి.

జెలటిన్ జెల్లీని ఫ్రిజ్‌లో కనీసం ఆరు గంటలు ఉంచండి. తొందరపడి ఫ్రీజర్‌లో పెడితే మంచు పలుకులు కట్టి, తర్వాత నీరు వదులుతుంది. తీసేటప్పుడు అచ్చును పది సెకన్లు మాత్రం గోరువెచ్చటి నీళ్లలో ముంచి బోర్లించండి. పళ్లేన్ని ముందే తడపండి. జెల్లీ పక్కకు పడ్డా, మెల్లగా జరిపి మధ్యకు తెచ్చుకోవచ్చు.