బిల్లు లేని గోలీ: మందు మన చేతికి చేరే దారిలో దొంగలు ఎక్కడ కలుస్తున్నారు?

నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు నా చేతిలో ఉన్న ఈ స్ట్రిప్ ముక్కను ఒకసారి దగ్గరగా చూడండి. ప్లాస్టిక్ గుంటల్లో నాలుగు తెల్లని గోలీలు ఉన్నాయి. వెనుక రేకు మీద మందు పేరులోని చివరి మూడు అక్షరాలు, కంపెనీ చిరునామాలో సగం మాత్రమే మిగిలాయి. బ్యాచ్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకుకు కంపెనీ ఇచ్చే సంఖ్య), గడువు తేదీ, ధర అచ్చు వేసిన కొసను ఎవరో ముందే కత్తిరించి ఇంకొకరికి ఇచ్చేశారు. మర్రిగూడ వైపు నుంచి నల్లగొండకు వచ్చిన ఒక పెద్దమ్మ కొంగు ముడి విప్పి దీన్ని నా చేతిలో పెట్టి, "ఇది మోకాళ్ల నొప్పుల గోలీయా, బీపీ గోలీయా, జర జూసి చెప్పు బిడ్డా" అని అడిగింది. పన్నెండేళ్లు మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేసిన నేను దాన్ని తిప్పి తిప్పి చూశాను గానీ, ఆమెకు జవాబు చెప్పలేకపోయాను.

మందుల దొంగతనం, నకిలీ మందుల తయారీ అనే రెండు నేరాలూ బతికేది ఇలాంటి చోటనే, అంటే ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేని సరుకు చేతులు మారే చోటనే అని నా అనుభవం చెబుతోంది. ఈ రోజు నేను మాట్లాడేది దాని గురించే.

మన ప్రాంతానికి మందుల పరిశ్రమ కొత్త కాదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి ప్రత్యేక ఆర్థిక మండలిలో (సెజ్‌లో) మాత్రలు తయారవుతున్నాయి. చౌటుప్పల్ చుట్టుపక్కల మాత్రలకు కావలసిన బల్క్ డ్రగ్, అంటే అసలు మందు పదార్థం తయారవుతోంది. అయినా పక్క ఊళ్లో తయారైన గోలీ కూడా నేరుగా మన షాపుకు రాదు. ఫ్యాక్టరీ నుంచి సీ అండ్ ఎఫ్ ఏజెంటు (కంపెనీ తరఫున సరుకు నిల్వ చేసి పంపేవాడు) గోదాముకు, అక్కడి నుంచి స్టాకిస్టుకు, అంటే హోల్‌సేలరుకు, స్టాకిస్టు నుంచి మెడికల్ షాపుకు వస్తుంది. చాలా పల్లెల్లో ఆ తరువాత ఆర్‌ఎంపీ సంచిలోకి కూడా వెళ్తుంది. చట్ట ప్రకారం హోల్‌సేలరుకు, రిటైలరుకు వేర్వేరు లైసెన్సులు ఉండాలి. హోల్‌సేలరు ఇచ్చే ప్రతి బిల్లులో మందు పేరు, పరిమాణం, బ్యాచ్ నంబరు, తయారీదారు పేరు ఉండాలి. ఆ బిల్లు నకళ్లను మూడేళ్ల పాటు దాచి ఉంచాలి. ఒక బ్యాచ్‌లో తేడా ఉందని తెలిసిన రోజున ఆ సరుకును ఏ ఊరి ఏ షాపు నుంచి వెనక్కి తెప్పించాలో చెప్పగలిగేవి ఆ కాగితాలే. కాగితం పొట్లంలో కట్టి ఇచ్చిన మూడు రంగుల మూడు గోలీలకు ఆ దారి ఉండదు.

దొంగిలించిన మందు అసలైనదే కదా, దానివల్ల రోగికి వచ్చే నష్టం ఏమిటని కొందరు అడుగుతారు. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని నార్త్ కరోలినాలో 1,29,000 ఇన్సులిన్ సీసాలతో వెళ్తున్న లోడును దొంగలు ఎత్తుకుపోయారు. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనంలో ఉంచాలి. దొంగ గోదాములో ఆ ఏర్పాటు ఎవరు చేస్తారు? కొన్ని నెలలకు ఆ సీసాలు మామూలు మందుల షాపుల్లోనే తేలాయి, వాటిని వాడిన వారికి చక్కెర అదుపులోకి రాలేదన్న ఫిర్యాదులు వచ్చాయి, ప్రభుత్వం దేశమంతటినీ హెచ్చరించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మార్చిలో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక పెద్ద కంపెనీ గోదాము పైకప్పుకు రంధ్రం చేసి దిగిన ముఠా 7 కోట్ల డాలర్లకు పైగా విలువైన మందులను లారీకెక్కించింది. మన దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. తలుపులు మూసిన వ్యానులో రెండు రోజులు దాచిన ఇన్సులిన్ సీసా పైకి ఎలా ఉంటుందో, ఫ్రిజ్‌లో ఉన్న సీసా కూడా అలాగే ఉంటుంది. అంగన్‌వాడీలో పిల్లలకు వేసే టీకా సీసా మీద వృత్తంలో ఒక చిన్న చతురస్రం ఉంటుంది. వేడి తగిలిన కొద్దీ అది నల్లబడుతుంది, చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోతే ఆ సీసాను వాడరు. షాపులో మనం కొనే మందుల మీద అలాంటి గుర్తు ఉండదు.

దొంగతనం నుంచి నకిలీకి దూరం చాలా తక్కువ. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఆసుపత్రుల్లో పనిచేసేవారి ద్వారా ఖరీదైన క్యాన్సర్ ఇంజెక్షన్ల ఖాళీ సీసాలను సంపాదించి, వాటిలో ఫంగస్ వ్యాధులకు వాడే మందు నింపి అమ్మారని పోలీసులు చెప్పారు. సీసా అసలుది, లేబులు అసలుది, దాని మీద బ్యాచ్ నంబరు కూడా అసలుదే. లోపలిది మాత్రం వేరు. ఆస్తులు అమ్మి వైద్యం చేయించుకునే కుటుంబానికి ఇంతకంటే ద్రోహం ఏముంటుంది? వాడిన సీసాను పగలగొట్టకుండా బయటికి పంపడాన్ని చిల్లర దొంగతనంగా చూడకూడదని నేను గట్టిగా అంటాను.

మన రాష్ట్రంలో కూడా ఇది జరిగింది. 2024లోనే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ, అసలు లేని కంపెనీ పేరుతో అమ్ముడవుతున్న యాంటీబయాటిక్ మాత్రలను పట్టుకుని, వాటిలో మందు లేదని, సుద్దపొడి, పిండి మాత్రమే ఉన్నాయని ప్రకటించింది. న్యుమోనియా వచ్చిన బిడ్డకు సుద్దపొడి మింగిస్తే రెండు రోజులు గడిచాక గానీ తల్లికి అనుమానం రాదు, అప్పుడు కూడా ఆమె డాక్టరునో, తన ఖర్మనో తిట్టుకుంటుంది. నకిలీ మందు అమ్మకం మరణానికి లేదా తీవ్రమైన హానికి దారితీసేదైతే చట్టం కనీసం పదేళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష విధిస్తుంది. కానీ కేసు నిలబడాలంటే ఆ గోలీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రుజువు కావాలి.

నేను షాపులో ఉన్నప్పుడు ఒక సాయంత్రం బైకు మీద ఒకతను వచ్చాడు. పేరున్న కంపెనీ గ్యాస్ట్రిక్ మాత్రలు రెండు అట్టపెట్టెలు చూపించి, "అన్నా, సగం ధరకే ఇస్త, బిల్లు మాత్రం అడగొద్దు" అన్నాడు. ధరల నియంత్రణలో ఉన్న మందులకు గరిష్ఠ ధర నిర్ణయించేటప్పుడు ప్రభుత్వం రిటైలరు లాభాన్ని 16 శాతంగా లెక్కిస్తుంది. అలాంటి మందును సగం ధరకు ఇవ్వగలిగినవాడు దాన్ని కొననైనా కొని ఉండడు, లేదా దానిలో మందైనా ఉండదు. పెట్టె మీద ఉన్న బ్యాచ్ నంబరుకూ లోపలి స్ట్రిప్ మీది నంబరుకూ పొంతన లేదు. మేము తీసుకోలేదు. కానీ అతను నేరుగా పక్క వీధిలోకి వెళ్లాడు, ఆ రోజు నేను డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేయలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక్కడ ఒక మాట. ధర తక్కువైనంత మాత్రాన మందు నకిలీది కాదు. జన ఔషధి కేంద్రంలో దొరికే జెనరిక్ మందులు బిల్లుతో, బ్యాచ్ నంబరుతో వస్తాయి. భయపడి వాటిని మానుకోవద్దు.

2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు; ఫోన్‌తో స్కాన్ చేస్తే మందు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు, లైసెన్సు నంబరు కనిపిస్తాయి. ఇది మంచి అడుగే. అయితే కోడును చూసి అచ్చు వేసుకోవడం దొంగకు పెద్ద పని కాదు. ఐరోపా సమాఖ్యలోని చాలా దేశాల్లో 2019 ఫిబ్రవరి 9 నుంచి చీటీ మీద ఇచ్చే మందుల డబ్బాలకు డబ్బాకొక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, రోగికి అందించేటప్పుడు ఆ సంఖ్య వాడేసినట్టు ఉమ్మడి పద్దులో గుర్తు పెడుతున్నారు. అదే సంఖ్య మళ్లీ కనబడితే హెచ్చరిక వస్తుంది. కోడుకు బలం ఇచ్చేది ఆ పద్దే. మనకూ అది కావాలి.

అంతవరకు మన చేతిలో ఉన్నది బిల్లు. పది రూపాయల మందుకైనా బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు అడగండి. అనుమానం వస్తే స్ట్రిప్‌నూ, మిగిలిన గోలీలనూ, బిల్లునూ పారేయకుండా పెట్టుకుని, పనిదినాల్లో ఔషధ నియంత్రణ శాఖ టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969కు ఫోన్ చేయండి. నాలుగు గోలీలే కావాలంటే తేదీ లేని వైపు నుంచి కోయమనండి, మీకు ఇచ్చే ముక్క మీద లేని వివరాలను బిల్లు మీద రాయించుకోండి. ఇంట్లో నిండు స్ట్రిప్ వాడేటప్పుడు కూడా తేదీ ఉన్న కొసలోని గోలీని ఆఖరున తీయండి.

పెద్దమ్మ ఆ నాలుగు గోలీలనూ నా దగ్గరే వదిలి, ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని కొత్త స్ట్రిప్‌తో తిరిగి వచ్చింది. తేదీ ఉన్న కొస ఏదో చూపించమంటే చూపించాను. అక్కడ గోరుతో చిన్న గుర్తు పెట్టుకుని కొంగున ముడి వేసుకుంది.