పెట్టె మీద ‘రెడీ టు ఫ్లై’ అని ఉంది, మరి విమానం రెడీగా ఉందా?

అందరికీ నమస్తే. ముందు ఈ చప్పుడు వినండి. ఈ రిమోట్ కంట్రోల్ విమానం మోటార్ తిరుగుతోంది కదా? ఇప్పుడు నా చేతిలో ట్రాన్స్‌మిటర్, అంటే రిమోట్ చూడండి. ఆఫ్‌లో ఉంది! ప్రొపెల్లర్ పీకేసి బల్ల మీద పెట్టాను కాబట్టి నవ్వుతూ చెప్తున్నాను. ఇదే గాల్లో ఉండగా సిగ్నల్ పోతే, మోటార్ ఇలాగే తిరుగుతూ విమానం తన దారిన తాను పోయేది.

ఇవాళ్టి రివ్యూ ఈ ఫోమ్ ట్రైనర్ మీద, అంటే ఎగరేయడం నేర్చుకునేవాళ్ల విమానం మీద. రెక్క పైన ఉండే రకం, నాలుగు ఛానళ్లు, అంటే నాలుగు కంట్రోళ్లు, 3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇలాంటివి ఏ పెట్టెలోనైనా రావచ్చు. పెట్టె మీద మాత్రం ‘రెడీ టు ఫ్లై’ అని పెద్దక్షరాలు. నాకు బల్ల దగ్గరే గంటన్నర పట్టింది.

ఇందాకటి సంగతికి వద్దాం. దాన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. సిగ్నల్ పోయినప్పుడు విమానంలోని రిసీవర్ ఏం చేయాలో ముందే చెప్పి ఉంచడం. ఇందులో చివరిసారి వచ్చిన ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంది. చాలా రిసీవర్లు బైండ్ చేసేటప్పుడు, అంటే ట్రాన్స్‌మిటర్‌తో జత కలిపేటప్పుడు, స్టిక్ ఎక్కడ ఉంటే దాన్నే గుర్తుపెట్టుకుంటాయి. అందుకని థ్రాటిల్, అంటే మోటార్ వేగం స్టిక్, పూర్తిగా కిందికి దించి మళ్లీ బైండ్ చేశాను. మళ్లీ పావు థ్రాటిల్ ఇచ్చి, ట్రాన్స్‌మిటర్ ఆపాను. ఈసారి టక్కున ఆగింది. ట్రాన్స్‌మిటర్ ఆపి చూసేది ఈ పరీక్షకే. మామూలుగా అయితే ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్, విమానం తర్వాత. ఆపేటప్పుడు బ్యాటరీ పీకాకే ట్రాన్స్‌మిటర్.

తర్వాత కంట్రోళ్లు. విమానం వెనక నిలబడి చూడండి, ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తికమకవుతాయి. స్టిక్ కుడికి నెడితే కుడి రెక్క వెనకంచున ఉన్న పలక, ఎయిలరాన్, పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ మీ వైపు లాగితే తోక అడ్డ పలక, ఎలివేటర్, పైకి. తోక నిలువు పలక, రడ్డర్, కుడికి ఇస్తే కుడికే. ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఎలివేటర్‌ని కదిపే కడ్డీ, పుష్‌రాడ్, చివర ఉండే క్లిప్పు, క్లెవిస్, నొక్కుకోలేదు, వేలు తగిలితే ఊడి వచ్చేసింది! దాన్ని నొక్కి, పైన చిన్న సిలికాన్ ట్యూబ్ ముక్క తొడిగాను. ఈ పలకల్ని కదిపే చిన్న మోటార్ల, అంటే సర్వోల, ఆర్మ్ స్క్రూలు కూడా ఓసారి బిగించాను, ఒకటి సగం తిరిగింది.

బ్యాలెన్స్ దగ్గర తొందరపడకండి. విమానం తూగాల్సిన చోటు మాన్యువల్‌లో రెక్క ముందంచు నుంచి 70 మిల్లీమీటర్లు అని ఉంది. రెక్క వెడల్పు 230, అంటే దాదాపు 30 శాతం దగ్గర, ట్రైనర్‌కి సబబైన చోటే. ఎగిరేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే బ్యాటరీ పెట్టి, ఆ గుర్తు దగ్గర రెండు వేళ్ల మీద లేపండి. ముక్కు కాస్త కిందికి వాలితే పర్లేదు. తోక వాలితే మాత్రం ఎగరేయకండి, కొంచెం స్టిక్ కదిపినా పైకీ కిందికీ గెంతుతుంది, స్టాల్ అయితే, అంటే రెక్క మోయలేక విమానం పడిపోతే, తేరుకోవడం కష్టం. నా పాత బ్యాటరీ కాస్త బరువైంది, దాన్ని ఒక వేలెడు వెనక్కి జరిపితేనే కుదిరింది. జరిపిన చోట వెల్‌క్రో పట్టీతో గట్టిగా కట్టాను, లూప్‌లో జారితే లెక్కంతా మారిపోతుంది.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. 2200 ఎంఏహెచ్‌ని 2.2 ఆంపియర్లతో, సెల్స్ అన్నీ సమంగా నిండే బ్యాలెన్స్ మోడ్‌లో ఛార్జ్ చేయండి. ఒక్కో సెల్ 4.2 వోల్టులకి చేరాక చాలు. ఛార్జింగ్‌లో పెట్టి పక్కకి వెళ్లొద్దు. ఉబ్బిన ప్యాక్ అయితే, ఎంత పెట్టి కొన్నా సరే, వాడొద్దు.

ప్రొపెల్లర్ అన్నిటికంటే చివర్లో. అంకెలు, అక్షరాలు ఉన్న వైపు ముందుకి. తిరగేసి బిగించినా విమానాన్ని లాగుతుంది, అదే చిక్కు: లాగుతోంది కదా అనుకుంటాం, బలం తగ్గి మోటార్ వేడెక్కుతుంది. బిగించాక ఇక బ్యాటరీ తగిలించిన ప్రతిసారీ అది తిరగబోతోందనే అనుకోండి. ముందు నిలబడొద్దు, పక్కన దాని వరుసలో కూడా వద్దు.

మైదానంలో ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ బలం తగ్గించే రేంజ్ టెస్ట్ మోడ్ పెట్టి 30 అడుగులు వేసి చూశాను, సర్వోలు తడబడలేదు. గాలికి ఎదురుగా టేకాఫ్. నేరుగా పోయేలా ఎయిలరాన్‌కి రెండు క్లిక్కుల చిన్న సవరణ, ట్రిమ్, పడింది, అంతే. చాలా నెమ్మదిగా, బుద్ధిగా ఎగురుతుంది, మెచ్చుకోవాల్సిందే. 6 నిమిషాల టైమర్‌కి దించేస్తే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంది. ఇవాళ మళ్లీ ఎగరేయకపోతే దాచడానికి కూడా అదే మంచి స్థాయి.

విమానానికి 10కి 8 ఇస్తాను. ఫెయిల్‌సేఫ్‌కి ఒకటి, క్లెవిస్‌కి ఒకటి కోత. పెట్టెలో అదనంగా ఇచ్చిన ప్రొపెల్లర్ ఇదిగో, ఇంకా కవర్‌లోనే ఉంది.