గడప దాకా వచ్చిన ఆదరణ

శ్రోతలకు నమస్కారం.

మా వీధి చివర కిందటి నెలలో ఓ కిరాణా కొట్టు తెరిచారు. కొబ్బరికాయ కొట్టిన కాసేపటికి హిజ్రాలు వచ్చారు. షావుకారు డబ్బులిచ్చి తల వంచాడు. వాళ్లలో పెద్దావిడ దిష్టి తీసి, ఓ రూపాయి బిళ్ల ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో దాచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆవిడ మేడమీది టు-లెట్ బోర్డు చూసి, అద్దె ఎంతని అడిగింది. "ఫ్యామిలీలుండే చోటమ్మా" అన్నాడాయన.

దీవెన కావాలి, పొరుగు మాత్రం వద్దు. ఆ షావుకారు ఒక్కడినే అనలేను. మనమంతా అలాగే పెరిగాం.

దేవుడి దగ్గర మనకు ఈ పట్టింపు ఉండదు. గోదావరి జిల్లాల్లో ర్యాలి అనే ఊరుంది. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే నల్లరాయి. ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్లి చూస్తే కొప్పుతో సహా మోహిని. అందరం చేతులు జోడిస్తాం. భారతంలో విరాటరాజు బృహన్నలను ఏకంగా అంతఃపురంలోకి పిలిచి, కూతురికి నాట్యం నేర్పమన్నాడు. ఆ కథ వింటూ పెరిగిన మనమే శిఖండి పేరును తిట్టుగా మార్చేశాం.

హైదరాబాదులో నిజాం కాలపు చట్టం ఒకటుండేది, 1919 నాటిది. ఆడవేషంలో వీధిలో కనబడితే చాలు, హిజ్రాలను వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. తెలంగాణ హైకోర్టు 2023లో దాన్ని కొట్టేసింది. అంతకుముందే, 2018 సెప్టెంబరు 6న, ఇష్టపడి కలిసి ఉండే ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరూ మగవాళ్లైనా, ఇద్దరూ ఆడవాళ్లైనా, వాళ్ల బంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది.

కోర్టు తీర్పు ఇంట్లోకి రావడం మాత్రం కష్టం. కొడుకు తనకు మగవాళ్లంటేనే ఇష్టమని చెబితే, మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది వాడి బాధ కాదు, పరువు. నలుగురూ ఏమనుకుంటారు? చెల్లెలి సంబంధం ఏమవుతుంది? చివరికి ఎవరో ఒకరు అనేస్తారు, "పెళ్లి చేసేయండి, అదే సర్దుకుంటుంది" అని. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇదే. ఏమీ తెలియకుండా జీలకర్ర బెల్లం పెట్టించుకున్న ఆ అమ్మాయి ఏం పాపం చేసింది? తనలో ఏం లోపముందోనని ఏళ్ల తరబడి కుమిలిపోతుంది. ఇద్దరి బతుకులూ పోతాయి. పరువు మాత్రం నిలబడిందంటారు!

మా దూరపు బంధువు ఒకావిడ మూడేళ్లు కొడుకుతో మాట్లాడలేదు. ఎవరూ ఆవిడకు నచ్చజెప్పలేదు. ఒకరోజు వాడికి జ్వరమని తెలిసి ఫోన్ చేసింది. "ఏమన్నా తిన్నావా?" అని మాత్రం అడిగింది. అవతల వాడు ఏడ్చాడట.

మొన్న సంక్రాంతికి వాడు తన స్నేహితుడితో కలిసి ఊరొచ్చాడు. పక్కింటివాళ్లు చూస్తూనే ఉన్నారు. ఆవిడ కాళ్లు కడుక్కోమని ఇద్దరికీ నీళ్లిచ్చి, లోపలికి తీసుకెళ్లి, పక్కపక్కనే రెండు ఆకులు వేసి అరిసెలు వడ్డించింది.

సెలవు.