ఉబ్బసం మొదలైన వీధి పేరు కూడా రాయండి

(ప్రపంచ ఆస్తమా దినం సందర్భంగా ఒంగోలులో హౌస్ సర్జన్లు, నర్సులు, ఆశా కార్యకర్తల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసినవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఉబ్బసం ముదిరిన మనిషి ఆటోలో ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చుకుని వస్తాడు. ఒక్క మాట పూర్తిగా పలకలేడు. మనం ఆక్సిజన్ పెడతాం, మందును పొగమంచులా పీల్పించే నెబులైజర్ పెడతాం, స్టెరాయిడ్ ఇస్తాం. చాలామందికి కాసేపట్లోనే పిల్లికూతలు తగ్గుతాయి. తెల్లవారాక చీటీ రాసి పంపేస్తాం. రిజిస్టరులో పేరు, వయసు, ఊరు, జబ్బు రాసి ఊరుకుంటాం. నా పేచీ ఆ రిజిస్టరుతోనే. ఆయాసం ఎక్కడ, ఎప్పుడు మొదలైందో అందులో ఉండదు.

స్పెయిన్‌లోని బార్సిలోనా నగరంలో 1980ల్లో ఒక వింత జరిగింది. ఉన్నట్టుండి ఏదో ఒక రోజు అత్యవసర విభాగాలన్నీ ఉబ్బసం రోగులతో నిండిపోయేవి. మర్నాటికి అంతా మామూలే. 1981 నుంచి 1987 వరకు అలాంటి రోజులు 26 తేలాయి. రోగులకు ఆయాసం ఎక్కడ మొదలైందో వైద్యులు ఆరా తీస్తే, ఎక్కువమంది ఓడరేవు పరిసరాల్లోనే ఉన్నారు. ఓడలు సరుకు దింపిన తేదీలతో సరిచూస్తే సోయా గింజలు దింపిన రోజులతో కలిశాయి. గింజలు నింపే గోదాముకు దుమ్మును ఆపే ఫిల్టర్లు లేవు. అవి పెట్టించాక ఆ ఉపద్రవం ఆగిపోయింది. కొత్త మందు ఎవరూ కనిపెట్టలేదు. ఎక్కడ, ఎప్పుడు అని అడిగారు, రాసుకున్నారు, అంతే.

మన దగ్గర ఆ ప్రశ్న అడిగేవారెవరు? సంక్రాంతి రోజులే తీసుకోండి. తెల్లవారుజామున మంచు కమ్మి, పొగ పైకి లేవకుండా నేల మీదే తారాడుతుంటుంది. టంగుటూరు, కొండపి వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లలో కట్టెలు మండుతుంటాయి. పైన భోగి మంటలు. వాటిలో పాత టైర్లు వేయడం ఏ ఆచారమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చీమకుర్తి దారిలో గ్రానైట్ లారీలు లేపే దుమ్ము సరేసరి. జలుబు చేసే వైరస్‌లకూ చలికాలం అనువైనదే. ఇన్ని ఒక్కచోట చేరినప్పుడు ఎవరికి ఏది ఆయాసం రేపిందో ఊహించి చెప్పడం నాకు ఇష్టం లేదు. లెక్క ఉంటే చెప్పవచ్చు.

ఇక మనిషి దగ్గరకు వద్దాం. పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే ఒకామె తరచూ రాత్రిపూట వచ్చేది. పగలంతా మూసిన గోదాములో ఎండాకు మధ్య కూర్చుని రంగును బట్టి ఏరడం ఆమె పని. "ఇన్‌హేలర్ లేదా అమ్మా?" అని అడిగితే కొంగుముడి విప్పి చూపించింది. "ఉంది సార్, బాగానే కొడుతోంది." నొక్కితే నిజంగానే తుస్సుమంది. కానీ అందులో మందు లేదు. అంకెలు చూపించే ఏర్పాటు లేని డబ్బా 200 పఫ్‌లు అయిపోయాక కూడా గ్యాసును చిమ్ముతూనే ఉంటుంది. ఆమె ఎన్నాళ్లుగా ఉత్త గ్యాసు పీలుస్తోందో! ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కొత్తది ఎందుకు కొనలేదంటే, పాతది పనిచేస్తోందనుకుంది కాబట్టి. పైగా పనికి పోని రోజు కూలి లేదు. ఓపీకి రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది, 108 పిలిస్తే వస్తుంది. ఆమె లెక్కలో తప్పేముంది?

ఆమె దగ్గరున్నది తక్షణ ఉపశమనం ఇచ్చే సాల్బుటమాల్ మాత్రమే. ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆమెకు ఎవరూ రాయలేదు. ఒక్క సాల్బుటమాల్‌తోనే వైద్యం నడపవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. ఆ మాట మన ఊళ్లకు ఇంకా సరిగా చేరలేదు. ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే ఆ పూటకు గడిచిపోతుంది, రోగం మాత్రం అక్కడే ఉంటుంది.

పెళ్లి కావలసిన ఆడపిల్లల సంగతి మరీ ఘోరం. ఇన్‌హేలర్‌ను బీరువాలో బట్టల కింద దాస్తారు. చుట్టాలు ఉన్నంతసేపు పిల్ల దగ్గును కూడా అణచుకోవాలి. మృగశిర కార్తెకు చేప మందు కోసం హైదరాబాద్ వెళ్లివచ్చేవారితో నాకు తగాదా లేదు, వెళ్లిరండి. అయితే ఆ నమ్మకంతో ఇన్‌హేలర్ మానేయకండి.

వంటిల్లు చూడండి. 2016లో ఉజ్వల పథకం వచ్చాక చాలా ఇళ్లకు గ్యాసు బండ చేరింది. కానీ టీకి, కూరకు గ్యాసు. స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యి. గ్యాసు ఉందా అని అడిగితే "ఉంది" అంటారు, అది నిజమే. ఇవాళ కట్టెల పొయ్యి వెలిగించారా అని అడగండి.

అందుకే హౌస్ సర్జన్లకు నా విన్నపం: నెబులైజర్ నడుస్తున్నంతసేపు మీరు పక్కనే నిలబడతారు కదా, ఆయాసం కాస్త తగ్గి మాట వచ్చాక నాలుగు విషయాలు అడిగి రాయండి. ఆయాసం ఎప్పుడు, ఏ వీధిలో మొదలైంది, ఏం పని చేస్తారు, ఇంట్లో ఏ ఇన్‌హేలర్ ఉంది. నెలకోసారి ఆ పేజీలు ముందేసుకుని చూడండి. ఒకే వీధి మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోను చేయండి. ఇక ఆశా కార్యకర్తలకు ఒక మాట: అమ్మా, మీరు రోగి ఇంటికి వెళ్లినప్పుడు మందు వాడుతున్నారా అని అడిగి వచ్చేయకండి. డబ్బా బయటకు తీయించి, ఎప్పుడు కొన్నారో అడిగి, మీ ముందే ఒకసారి పీల్చమనండి.