ట్యాకిల్ వీడియో ఎవరు చూస్తారక్కా?

అక్క: నేను క్రికెట్ మనిషినని తెలుసుగా. అయినా నా ఫోన్‌లో ఆ బ్రెజిల్ గుండు ఆయన ఫుట్‌బాల్ వీడియో ప్రత్యక్షమవుతూనే ఉంటుంది. ఎడమ కాలితో కొడతాడు, బయటికి పోయిందనుకున్న బంతి తిరిగొచ్చి గోల్‌లో పడుతుంది. ఎవర్రా అతను?

తమ్ముడు: రాబర్టో కార్లోస్ అక్కా, లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు కాసే డిఫెండర్. 1997 జూన్ 3న లియాన్‌లో ఫ్రాన్స్ మీద కొట్టిన ఫ్రీ కిక్ అది, అంటే ఫౌల్ అయ్యాక బంతిని నిలిపి కొట్టేది. దాదాపు 35 మీటర్ల దూరం.

అక్క: కీపర్ కదల్లేదేం?

తమ్ముడు: పాపం బార్తెజ్ ఏం చేస్తాడు? ఈసారి గోల్‌కి కుడిపక్క దూరంగా ఉన్న బాల్ బాయ్‌ని చూడు. బంతి తన మీదికే వస్తోందని తల వంచేస్తాడు. అంతలో అది ఎడమకి తిరిగి, పోస్ట్ లోపలి అంచుకి తగిలి నెట్‌లోకి పోతుంది.

అక్క: గుడ్డిదెబ్బేమోరా?

తమ్ముడు: చాలామంది అలాగే అనుకున్నారు. 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చిన్న ప్లాస్టిక్ బంతుల్ని గిర్రున తిప్పుతూ నీళ్లలోకి వదిలి చూశారు. వేగం తగ్గేకొద్దీ బంతి ఇంకా ఎక్కువ వంపు తిరుగుతుందట. దగ్గర్నుంచి కొడితే ఆ వంపు కనబడకముందే గోల్ వచ్చేస్తుంది. అంత దూరం నుంచి, అంత బలంగా కొడితేనే కుదిరే పని. ఆ బలం ఎక్కడిదో అతని తొడలు చూస్తే తెలుస్తుందిలే.

అక్క: బాగుంది. కానీ డిఫెండర్ పని గోల్స్ ఆపడం కదా? అతను ఆపింది ఒక్కటీ నా కంటపడలేదు.

తమ్ముడు: పడదక్కా. మంచి డిఫెండర్ ఉంటే ట్యాకిల్ చేసి బంతి లాగేసుకుంటాడు, అక్కడ ఏమీ జరగదు. ఏమీ జరగనిదాన్ని ఎవరు షేర్ చేస్తారు? స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌కి 11 సీజన్లు ఆడాడు, యూరప్ క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ మూడుసార్లు గెలిచాడు, బ్రెజిల్‌తో 2002 ప్రపంచ కప్ కూడా. డిఫెన్స్‌లో అతనిది బాగా తిరిగిన వీడియో మాత్రం ఒక్కటే.

అక్క: ఏంటది?

తమ్ముడు: 2006 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్. మళ్లీ ఫ్రాన్సే! అటు జిదాన్ ఫ్రీ కిక్ కొడుతున్నాడు, ఇటు మనవాడు గోల్ ముందుండే బాక్స్ అంచున వంగి సాక్సు సర్దుకుంటున్నాడు. వాళ్ల ఆన్రీ అడ్డం ఎవరూ లేక దూసుకొచ్చి గోల్ కొట్టేశాడు. 1-0, బ్రెజిల్ ఇంటికి.

అక్క: సాక్సా! ఖర్మ.

తమ్ముడు: మా బ్యాచ్‌కైతే అతను వీడియో గేముల్లోనే పరిచయం. లెఫ్ట్ బ్యాక్ అని కూడా చూడకుండా తీసుకెళ్లి ముందు పెట్టేవాళ్లం, ఆ షాట్ కోసం. 2015లో ఢిల్లీ డైనమోస్‌కి కోచ్‌గా వచ్చి, మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో తనూ ఆడాడు తెలుసా?

అక్క: నాకేం తెలుసు! ఇప్పుడేం చేస్తున్నాడు?

తమ్ముడు: మ్యాచ్ అంటే వెళ్లిపోతాడు. 2022లో ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో ఒక పబ్ జట్టుకి ఆడాడు. ఈబేలో లక్కీ డ్రా పెట్టారు, టికెట్ 5 పౌండ్లు. డ్రాలో గెలిచిన జట్టు తరఫున అతను, ఆదివారాలు సరదాగా లీగ్ ఆడుకునే వాళ్లతో కలిసి దిగాలి. 48 ఏళ్ల వయసులో సబ్‌స్టిట్యూట్‌గా దిగి పెనాల్టీని గోల్ చేశాడు.

అక్క: భలే. గెలిచారా మరి?

తమ్ముడు: లేదు, 4-3తో ఓడిపోయారు.

అక్క: నాలుగు గోల్సా? డిఫెండర్‌ని పెట్టుకుని!

తమ్ముడు: ఆ నాలుగు ఎలా పడ్డాయో నేనూ చూడలేదక్కా. నాకు వచ్చింది పెనాల్టీ వీడియోనే.