సన్‌ఫ్లవర్ నూనె విషమా? అసలు దొంగ మీ మూకుడే!

ఆగండాగండి, ఆ ప్యాకెట్ పారెయ్యకండి!

"రిఫైన్డ్ నూనె విషం, సన్‌ఫ్లవర్ నూనె వాడితే గుండె గోవిందా, గానుగ నూనె ఒక్కటే అమృతం." ఈ వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చాయి, నా ఫోన్‌కీ వచ్చాయి. మా బాబాయ్ ఫ్యామిలీ గ్రూపులో రోజుకి రెండు పడేస్తున్నాడు. నేను ఒక్కటే మాట చెప్తా, తిట్టుకున్నా సరే. దొంగ నూనె కాదు, మూకుడు. మళ్లీ చెప్తున్నా, అదే నూనె మళ్లీ మళ్లీ కాగే మూకుడు!

నమ్మరా? వంటింట్లోకి వెళ్లి నూనె డబ్బా మూత చుట్టూ వేలితో రాసి చూడండి. బంక తగిలిందా? సబ్బు పెట్టి తోమినా పోదు. గోరుతో గీకితే పసుపుపచ్చ పొరలా లేస్తుంది. అది ఒట్టి జిడ్డు కాదండీ, అక్కడ నూనె వార్నిష్ అయిపోయింది. ఉత్తినే అనడం లేదు, పెయింట్ల తయారీలోనూ సన్‌ఫ్లవర్ నూనె వాడతారు. అవిసె నూనె గాలికి ఆరి గట్టిపడుతుంది చూశారా, ఇదీ అంతే, కాకపోతే కాస్త నెమ్మది.

ఎందుకలా? మామూలు సన్‌ఫ్లవర్ నూనెలో దాదాపు 60 శాతం లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే. దాని కార్బన్ గొలుసులో రెండు డబుల్ బాండ్లు, అంటే పక్కపక్క కార్బన్లని కలిపే జంట బంధాలు, ఉంటాయి. ఆ రెండింటి మధ్యనున్న కార్బన్ దగ్గర హైడ్రోజన్ ఇట్టే ఊడిపోతుంది, ఆ ఖాళీలో ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది. చల్లటి మూత మీదే ఇంత జరిగితే, 180 డిగ్రీల మూకుట్లో సంగతేంటి? గొలుసులు తెగి ఆల్డిహైడ్లనే ఘాటైన, హానికర పదార్థాలు పుడతాయి. కొన్ని ఒకదానికొకటి అతుక్కుని నూనె చిక్కబడుతుంది. సాయంత్రం బజ్జీల బండి దగ్గర గమనించండి. మంచి నూనెలో బజ్జీ వేస్తే బుడగలు పైకొచ్చి టపటపా పగిలిపోతాయి. నాలుగైదు రోజులుగా కాగుతున్న నూనెలోనేమో సబ్బు నురగలా లేచి, తగ్గనంటుంది. ఆ నురగే సాక్ష్యం! ఇలా పాడైన పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటిన నూనె వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై నుంచి రూలే పెట్టింది. బండి దగ్గర ఎవరు కొలుస్తారు, చెప్పండి?

ఇప్పుడు గానుగ అన్నయ్యలకి. గానుగలో తిప్పితే లినోలిక్ ఆమ్లం భయపడి పారిపోతుందా? అదే గింజ, అదే ఆమ్లం, అవే బాండ్లు! పైగా శుద్ధి చేయని సన్‌ఫ్లవర్ నూనెకి పొగ ఇంకా ముందే వస్తుంది. అందులో పూరీలు వేయించి "ఆరోగ్యం" అంటే నాకు ఒళ్లు మండుతుంది. రిఫైన్డ్ నూనెని హెక్సేన్ అనే పెట్రోలియం ద్రావకం పోసి తీస్తారంటారా? అది 69 డిగ్రీలకే మరిగిపోతుంది. ఆ తర్వాత వాసన తీయడానికి 200 డిగ్రీలు దాటించి ఆవిరి పట్టిస్తారు. ఇంక మిగిలేది జాడ మాత్రమే. రుచి పోతుంది, విటమిన్ ఈ కొంత పోతుంది, ఒప్పుకుంటా.

నా థియరీ వినండి. మన అమ్మమ్మలది ఎక్కువగా వేరుశనగ నూనె. అందులో లినోలిక్ 30 శాతం అటూ ఇటూ, గట్టి పిండం. మిగిలిన నూనె వడకట్టి మళ్లీ మూకుట్లో పోసినా తట్టుకునేది. 1969లో సోవియట్ యూనియన్ నుంచి పొద్దుతిరుగుడు రకాలు మన దేశానికొచ్చాయి. తర్వాత ప్యాకెట్లొచ్చాయి. నూనె మారింది, వడకట్టే అలవాటు మారలేదు. గొడవంతా అక్కడే!

అసలు పొద్దుతిరుగుడు అన్న పేరే సగం అబద్ధం. తిరిగేది లేత మొక్క. పగలు కాండానికి తూర్పు పక్క ఎక్కువ పెరిగి తల పడమరకి వాలుతుంది, రాత్రి పడమర పక్క పెరిగి వెనక్కొస్తుంది. పువ్వు విచ్చుకున్నాక ఇంక తిరగదు, తూర్పుకే చూస్తుంది. పొద్దున్నే త్వరగా వేడెక్కుతుంది కాబట్టి తేనెటీగలు దానికే ఎగబడతాయని డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు 2016లో చూపించారు. సాయంత్రం ఎండ మొహం మీద పడేలా నిలబడి సెల్ఫీ దిగబోయి, పువ్వులన్నీ వీపు చూపిస్తున్నాయని అలిగే బ్యాచ్, ఇది మీకే.

సరే, మూకుడుకి వద్దాం. దీనికి విరుగుడు ఎప్పుడో దొరికింది. 1976లో సోవియట్ శాస్త్రవేత్త సోల్దాతోవ్ విత్తనాలకి రసాయనం పట్టించి పెర్వెనెట్స్ అనే రకం తీశాడు. అందులో లినోలిక్ బాగా తగ్గిపోయి, ఒకే డబుల్ బాండ్ ఉన్న ఓలిక్ ఆమ్లం పెరిగింది. వేపుళ్లకి బ్రహ్మాండం. మా వీధి కిరాణా కొట్లో "హై ఓలిక్ ఉందా" అనడిగితే, "అది ఏ కంపెనీ బాబూ?" అన్నాడాయన!

ఈ స్క్రిప్ట్ మొత్తం మా అమ్మకి చదివి వినిపించా. శ్రద్ధగా వింది. "మరి ఈ మిగిలింది ఎక్కడ పొయ్యమంటావురా? సింకులో పోస్తే జామ్ అయితే నువ్వు తీస్తావా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ వడకట్టి డబ్బాలో పోసేసింది. రేపటి పోపుకట!