రొయ్యల పెట్టె మూత, ఒక్క ఫ్లాష్

(మైక్ సర్దుతున్న చప్పుడు)

హోస్ట్: రికార్డింగ్ మొదలైంది. అన్నా, ముందు ఇది చెప్పు, ఆ థర్మకోల్ మూత ఏంది? గదంతా నీచు వాసన.

అతిథి: రొయ్యల పెట్టె మూత. రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు. పోయిన ఏడాది నేను తీసిన మంచి పోర్ట్రెయిట్లలో సగం దీని చలవే. దాని సంగతి తర్వాత చెప్తా.

హోస్ట్: సరే. ఫ్లాష్ కెమెరా నెత్తిమీదే ఉంటే వచ్చే నష్టమేంది? పెళ్లిళ్లలో అందరూ అట్లాగే తీస్తారుగా.

అతిథి: నేనూ పదేళ్లు అట్లాగే తీశా. లెన్సు వైపు నుంచే వెలుగు పడితే నీడ మనిషి వెనక్కి పోతుంది, మనకు కనపడదు. నీడ లేకపోతే ముక్కు ఎత్తు, చెంప గుంట తెలీవు. మొహం అప్పడంలా ఉంటుంది. ఒకరోజు కరెంటు పోయింది. మా అమ్మ పక్కగదిలోంచి ఎమర్జెన్సీ లైటు పట్టుకొచ్చింది. ఆ పక్క వెలుగులో మా నాన్న మొహం చూశా. ఆయన్ని అంత బాగా నేనెప్పుడూ ఫోటో తీయలేదు.

హోస్ట్: అప్పుడు ట్రిగ్గర్ కొన్నావా? దూరంగా పెట్టిన ఫ్లాష్‌ని కెమెరా నుంచే మెరిపించేది?

అతిథి: ఆ వారమే. కెమెరా మీద చిన్న ట్రాన్స్‌మిటర్, పక్కన స్టాండు మీద ఫ్లాష్, దానికి తెల్ల గొడుగు. మొహానికి 45 డిగ్రీల పక్కగా, తలకంటే కాస్త ఎత్తులో పెట్టి మొదలుపెట్టా. గడ్డం కింద నుంచి వేసి చూడు, దయ్యం సినిమానే.

హోస్ట్: మైపాడు బీచ్‌లో గొడుగు ఎగిరిపోయిందట?

అతిథి: దాన్ని గుర్తుచేయకు. తెల్లారుజామున వెళ్లాం. మనకు సూర్యుడు సముద్రం మీద లేస్తాడు కదా, మనిషిని నీళ్లకు వీపు పెట్టి నిలబెడితే ఆకాశం బ్రహ్మాండం, మొహం మసి. అక్కడే ఫ్లాష్ పని. షట్టర్, అంటే కెమెరా తెర ఎంతసేపు తెరిచి ఉండాలో దాంతో ఆకాశం ఎంత కావాలో అంత ఉంచుకో, ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగొచ్చే రంధ్రం, ఫ్లాష్ పవర్ మొహానికి. తక్కువ పవర్‌లో ఫ్లాష్ మెరిసేది సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అందుకే షట్టర్ వేగం తగ్గించినా మొహం మీద ఫ్లాష్ వెలుగు మారదు, ఆకాశమే తెల్లబడుతుంది.

హోస్ట్: వేగం పెంచితే?

అతిథి: నా కెమెరాలో ఫ్లాష్ వాడితే సెకనులో 1/200 వంతు వేగం దాటకూడదు. నేను తెలీక 1/500 పెట్టా. ఫోటోలో అడుగున నల్ల పట్టీ. షట్టర్ తెర అప్పటికే సగం మూసుకుంది. ఫ్లాష్ పాడైందనుకొని అరగంట విప్పి చూస్తున్నా, ఈలోపు గాలికి గొడుగు, స్టాండు పల్టీ. ఇసుక సంచి వేలాడదీయలేదు. బీచ్‌లో ఇసుకకు కరువొచ్చినట్టు!

హోస్ట్: (నవ్వు) ఒక్క మనిషికి సరే, జంటకైతే?

అతిథి: అక్కడే నేను ఎక్కువ దెబ్బతిన్నా. గొడుగు ఎంత దగ్గరుంటే వెలుగు అంత మెత్తగా పడుతుందని అమ్మాయికి మీటరు దూరంలో పెట్టా. పక్కన అబ్బాయి మీటరున్నర దూరంలో ఉన్నాడు. అమ్మాయి మీద అతనికి పడినదానికి రెండింతలకు పైగా వెలుగు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది, అదీ లెక్క. అతను అలిగాడు, న్యాయమే. స్టాండు మూడు మీటర్లకు జరిపా. ఇప్పుడు అమ్మాయి మీద అతనికన్నా దాదాపు మూడో వంతు వెలుగే ఎక్కువ. కానీ అదే వెలుగు రావాలంటే పవర్ తొమ్మిది రెట్లు పెంచాలి, ఫ్లాష్ పూర్తి పవర్‌లో 1/32 వంతు నుంచి 1/4 దాటి. సెల్స్ చకచకా అయిపోయాయి, ప్రతి ఫోటోకీ ఆగాల్సి వచ్చింది. పైగా వెలుగు కాస్త గట్టిబడింది.

హోస్ట్: రెండో ఫ్లాష్ కొనొచ్చుగా?

అతిథి: కొన్నా. మూల పడుంది. రెండు లైట్లు పెడితే రెండు నీడలు, ఏది ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు. నీడవైపు చీకటి ఎక్కువైతే ఈ తెల్ల మూత అటు పట్టుకుంటే చాలు, ఫ్లాష్ వెలుగు దానికి తగిలి మొహం మీదికి తిరిగొస్తుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకు మాత్రం ఫ్లాష్ ఇంకాస్త పైకి లేపు, లేదంటే అద్దాల్లో గొడుగు కనపడుతుంది. పట్టుకో, నీ మీదే చూద్దాం. కిటికీ మూయి.

హోస్ట్: ఎక్కడ పట్టుకోను?

అతిథి: ఎడమ చెంప పక్కన. మొహానికి తగలకుండా.

(ఫ్లాష్ చప్పుడు)

హోస్ట్: ఏదీ... నా ముక్కు ఇంత పొడుగా?

అతిథి: ఇన్నాళ్లూ కెమెరా మీది ఫ్లాష్ దాచింది. మూత ఇంకాస్త దగ్గరికి తే, స్టాండు ఒక అడుగు ఇటు జరుపుతా.